చిటిక వేసిన చోట

బనీన్లు చేత్తోనే పిండాలి. మెషీన్లో వేస్తే మెడ దగ్గర సాగిపోతాయని మా ఆయన సిద్ధాంతం. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఆ మెషీను మూత ఎత్తి చూసింది లేదు గాని, దాని గుణగణాల మీద మాత్రం గట్టి అభిప్రాయాలున్నాయి. శనివారం పొద్దున్న ఏడింటికి నేను ఆరో బనీను పిండుతుంటే, కాఫీ కప్పు పట్టుకుని బాత్రూం గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇదిగో, చెల్లి వాళ్ళు మన వెనక వీధిలోకి మారుతున్నారు కదా. వచ్చే శనివారం నుంచి పిల్లలిద్దర్నీ పొద్దున్నే మన గేటు దగ్గర దింపుతుంది. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటారు. దానికి శనివారం కూడా ఆఫీసే, పాపం."

"శనివారం మధ్యాహ్నం నేను చదవడానికి వెళ్తాను కదండీ," అన్నాను.

"అదేమన్నా ఉద్యోగమా? మానేస్తానని చెబితే వాళ్ళు వద్దంటారా? నేను ఎలాగూ సరేనన్నానులే. అయినా నీ నోటితో ఒక మాట చెబితే మర్యాదగా ఉంటుంది. సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తుంది."

కప్పు సబ్బునీళ్ళ బకెట్టు పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. నేను కప్పు కడిగాను. జవాబు నోటి దాకా వచ్చింది, మింగేశాను. మింగడం నాకు బాగా అలవాటు.

ఆ చదవడం సంగతి చెప్పాలి. చూపులేని వాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే చిన్న సంస్థ ఒకటుంది. ప్రతి శనివారం రెండు నుంచి నాలుగు దాకా అక్కడ చప్పుడు దూరకుండా గోడలకి నురుగు దిండ్లు అంటించిన గదిలో మైకు ముందు కూర్చుని చదువుతాను. ఆర్నెల్లయింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా నేను నీటి సరఫరా ఆఫీసులో వీధుల కింద పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో మ్యాపులు గీస్తాను. పదిహేనేళ్ళ సర్వీసు. ఊరి కింద ఏ పైపు ఎక్కడ మలుపు తిరుగుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అయినా మీటింగులో బిస్కట్ల ప్లేటు రాగానే మా ఆఫీసరు దాన్ని నా వైపే తోస్తాడు, అందరికీ అందించమని. నాకన్నా ఆరేళ్ళు చిన్నవాళ్ళు బిస్కట్టు తీసుకుంటూ నేను గీసిన మ్యాపు గురించి నాకే వివరిస్తుంటారు. వారంలో ఆ రెండు గంటలు మాత్రం నేను ఎవరికీ ఏమీ అందించను. నోరు తెరుస్తాను, వాళ్ళు వింటారు. వచ్చే వారం నుంచి అదీ లేదు.

మా ఇంట్లో నాకు పేరు లేదు. పెట్టలేదని కాదు, వాడుకలో లేదు. మా ఆయనకి 'ఇదిగో'ని. కూతురికి 'అమ్మా' అన్న మాటకి ఎదురుగా ప్రత్యక్షమయ్యే దాన్ని. రెండేళ్ళ కిందట పోయిన మా అత్తయ్యకి 'ఏమే'ని. చివరి నాలుగేళ్ళూ ఆవిడ మంచం మీదే ఉంది. పిలిచే ఓపిక పోయాక స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేది. టంగ్, టంగ్. ఎవరు ఎలా పిలిచినా నా జవాబు ఒకటే. ఆఁ, వస్తున్నా. ఆవిడ పోయిన పదో రోజున వచ్చిన చుట్టాలందరి ముందూ మా ఆయన గొంతు సవరించుకుని, "అమ్మకి ఏ లోటూ రానివ్వలేదు," అన్నాడు. ఆ వాక్యంలో కర్త ఎవరో ఎవరూ అడగలేదు.

సరే, శనివారం. సెలవు అని దాన్ని అంటారు. తొమ్మిదిన్నరకి సంచీ పట్టుకుని బయల్దేరాను. మా ఆయన థైరాయిడ్ మాత్రలు, వంటింటి బల్బు, మా అమ్మాయి షూ అతుకు, కూరగాయలు. మందుల షాపులో పని అయ్యాక చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర నిలబడ్డాను. ఆయన దారం లాగుతూ లాగుతూ ఆగి, నా భుజం వెనక్కి చూశాడు.

"ఎవరమ్మా పిలిచింది?"

"ఎవరు?"

"మీరిప్పుడు వస్తున్నానన్నారుగా. అటు తిరిగి మరీ అన్నారు."

"నేనేం అనలేదే."

ఆయన నన్నోసారి ఎగాదిగా చూశాడు. వాదించడం ఎందుకనుకున్నాడేమో, మళ్ళీ సూది అందుకున్నాడు. వెనక్కి తిరిగి చూశాను. మూసి ఉన్న షట్టరు, దాని ముందు ఎండ, ఎవరూ లేరు.

ఎవరి గొడవల్లో వాళ్ళుంటారు, నేనేదో అనుకుంటూ నిలబడి ఉంటాను, పైకి వచ్చేసి ఉంటుంది అని సర్దిచెప్పుకున్నాను. పదకొండింటికి మా మేడ మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే తాతగారింటికి వెళ్ళాను. కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఆయనకి చుక్కలు వేసేది నేనే. నిజం చెప్పాలంటే అది నాకిష్టమైన పని. ఆయన ప్రతిసారీ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడతాడు, నా వంటింట్లో ఎవరూ అలా పెట్టరు. ఆ రోజు చుక్కలు వేసి, కళ్ళు మూసుకోమని చెప్పి, సీసా మూత బిగిస్తున్నాను.

"వెళ్ళిరా అమ్మా, ఎవరో పిలుస్తున్నట్టున్నారు," అన్నాడు.

"ఎవరూ పిలవలేదు తాతగారూ."

"మరి వస్తున్నానన్నావు?"

నా చేతిలో సీసా ఆగిపోయింది. ఆయన తల వెనక్కి వాల్చి, మూసిన రెప్పల కింద నుంచి మందు చెంపల మీదికి కారుతుండగా, మెల్లగా అడిగాడు. "ఇక్కడ మనిద్దరమే కదమ్మా?"

"మనిద్దరమే."

"తలుపు వేసే ఉందా?"

"వేసే ఉంది."

ఆయన తలాడించాడు గాని, నేను వచ్చేసేటప్పుడు దణ్ణం పెట్టడం మర్చిపోయాడు. మెట్లు దిగుతూ పెదాలు గట్టిగా బిగించుకున్నాను. నా నోరు నాకు తెలియకుండా తిరుగుతోంది. ఇంట్లో నోరు మెదపని మనిషిని, బయట అది నన్ను వదిలేసి షికారుకు పోతోందన్నమాట. నవ్వుకుందామనుకున్నాను, నవ్వు రాలేదు.

రెండింటికి రికార్డింగు చోటికి చేరేసరికి, మైకు గది తలుపు తాళం వేసి ఉంది. రికార్డింగు చూసే అమ్మాయి వరండాలోనే ఎదురొచ్చింది.

"అక్కా, చదివే ముందు ఒకసారి టీచరమ్మగారు మాట్లాడతారట."

టీచరమ్మగారికి డెబ్భై దాటి ఉంటాయి. పుట్టుకతోనే చూపు లేదు. ముప్పై ఏళ్ళు సంగీతం చెప్పి, రిటైరయ్యాక ఇక్కడ కూర్చుని మేం చదివినవన్నీ విని తప్పులు పట్టుకుంటుంది. ఎక్కడ ఏ మాట మింగామో, ఎక్కడ పేజీ చప్పుడు పడిందో చెప్పేస్తుంది. మేం చదివేవాళ్ళందరం ఆవిడకి స్కూలు పిల్లల్లా భయపడతాం.

ఇక్కడ ఇంకో పద్ధతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. చదువుతూ తప్పు చేస్తే మేం రికార్డింగు ఆపం. మైకు ముందు గట్టిగా ఒక చిటిక వేస్తాం. మూడు సెకన్లు ఆగుతాం. ఆ వాక్యం మొదటి నుంచి మళ్ళీ సరిగ్గా చదువుతాం. తర్వాత ఆ అమ్మాయి కంప్యూటరు తెర మీద చిటిక పడ్డ చోట నిటారుగా గీత కనిపిస్తుంది. అక్కడికి వెళ్ళి తప్పు ముక్క కోసి పారేస్తుంది. వినేవాళ్ళకి తప్పు జరిగినట్టే తెలియదు. మొదటి రోజు ఇది నేర్పినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. బతుకులో కూడా ఈ సౌకర్యం ఉంటే బాగుండునని ఇంటికెళ్ళి మా ఆయనతో అన్నాను. "నీకేం తక్కువైంది బతుక్కి?" అన్నాడు.

"కూర్చో," అంది టీచరమ్మగారు. "ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. నువ్వు చదువుతుంటే నిన్ను పిలిచేదెవరు?"

పొద్దుట్నుంచి ఇది మూడోసారి.

ఆ అమ్మాయి కంప్యూటరు ముందు కూర్చుంది. నేను చదువుతున్నది పై తరగతి పిల్లల జీవశాస్త్రం. స్పీకర్లోంచి నా గొంతు, రికార్డులో ఉండే ఆ నిదానమైన, శుభ్రమైన గొంతు వచ్చింది. "గుండెకు నాలుగు గదులుంటాయి. పై రెండింటినీ కర్ణికలు అంటారు." కొద్దిసేపు నిశ్శబ్దం. "ఆఁ, వస్తున్నా." చిటిక. మూడు సెకన్లు. "కింది రెండింటినీ జఠరికలు అంటారు."

"ఇంకోటి పెట్టు," అంది టీచరమ్మగారు.

"ఊపిరితిత్తులలో రక్తం శుద్ధి అవుతుంది. ఆఁ, వస్తున్నా." చిటిక.

"కంటి పాప గుండా వెలుతురు లోపలికి... ఆఁ, వస్తున్నా." చిటిక.

"ఇలాంటివి నలభై ఒకటి ఉన్నాయక్కా," అంది ఆ అమ్మాయి, తప్పు తనదే అయినట్టు. "మీరు చిటిక వేస్తున్నారు కాబట్టి మీకు తెలిసే అంటున్నారనుకున్నా. ఇంటి అలవాటేమోలే అని ఏమీ అడక్కుండా కోసేసేదాన్ని. మొన్న నేను సెలవులో ఉన్నప్పుడు ఆర్నెల్లుగా దాచిన కొయ్యని రికార్డులన్నీ టీచరమ్మగారి దగ్గరికి వెళ్ళిపోయాయి."

నాకు ఒక్కటీ గుర్తులేదు. అన్నదీ గుర్తులేదు, చిటిక వేసిందీ గుర్తులేదు. నా బొటనవేలు, నడిమివేలు వైపు చూసుకున్నాను. నాకు తెలియని తప్పు వాటికి తెలుసు. ఆర్నెల్లుగా అవి తప్పు, తప్పు అని చెబుతూనే ఉన్నాయి.

"మా అత్తయ్య," అన్నాను. నా గొంతు నాకే వింతగా ఉంది. "పోయి రెండేళ్ళయింది. గ్లాసు మీద కొట్టి పిలిచేది." ఆవిడ నా వెంటే వచ్చిందా? ఈ నురుగు దిండ్ల గదిలోకి, రోడ్డు మీద లారీ హారను కూడా దూరని గదిలోకి కూడా ఆ చెంచా వచ్చిందా? ఉన్నన్నాళ్ళూ నేను మంచం పక్కనే కూర్చుని ఉన్నా కొట్టేది ఆవిడ. పోయాక మానుతుందా!

"గ్లాసు చప్పుడు కాదు," అంది టీచరమ్మగారు. "నువ్వు జవాబు చెప్పే ముందు చిన్న ఖాళీ ఉంది చూడు. అది ఖాళీ కాదు. సౌండు పెంచమ్మా."

ఆ అమ్మాయి సౌండు పూర్తిగా పెంచింది. ముందు హోరు. గది ఊపిరి పీలుస్తున్నట్టు హోరు. ఆ హోరు అడుగున ఎక్కడో, గోడకి అవతలి నుంచి అన్నట్టు, ఒక పిలుపు.

"రేడియో... ఏయ్, రేడియో..."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

రేడియో నేను. నాకు చదవడం వచ్చిన దగ్గర్నుంచి కనబడ్డదల్లా పైకి చదివేదాన్నట. షాపుల బోర్డులు, బస్సు టిక్కెట్లు, పొట్లం కట్టిన కాగితాలు, మందు సీసా మీది చిన్న అక్షరాలు. 'మా రేడియోకి ఆపే మీట లేదు' అని నాన్న అందరితో చెప్పి మురిసిపోయేవాడు. నాకు పదకొండేళ్ళప్పుడు నాన్న పోయాడు. ఇంటికి చుట్టాల రాకపోకలు మొదలయ్యాయి. 'ఆడపిల్లకి ఆ గొంతేమిటి, తగ్గించు,' అంది అమ్మ, పాపం ఎవరి నోటికి జడిసో. తగ్గించాను. అమ్మ కూడా పోయింది. ఆ పేరుతో నన్ను పిలిచే మనిషి ఇప్పుడు భూమ్మీద లేడు. మా ఆయనకి చెప్పలేదు. కూతురికీ చెప్పలేదు.

"ఇది మొదటి నెలది," అంది ఆ అమ్మాయి. "ఇది నాలుగో నెలది." ఈసారి పిలుపు గోడ ఇవతలే ఉంది. "ఇది పోయిన శనివారానిది." సౌండు పెంచక్కర్లేకపోయింది. మైకు మీద ఊపిరి తగిలిన చప్పుడుతో సహా వినబడింది. ఏయ్, రేడియో. కొంచెం విసుగు కూడా ఉంది అందులో, చాలాసేపటి నుంచి పిలుస్తున్నవాళ్ళకి ఉండే విసుగు.

"గదిలో మీరొక్కరే కదక్కా," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా. "అద్దంలోంచి నేను చూస్తూనే ఉంటాను. మీ పెదాలు కదలవు."

"అది నీ గొంతే," అంది టీచరమ్మగారు. "వందల మంది ఆడపిల్లలకి పాట చెప్పాను. ఒక గొంతు చిన్నప్పుడెలా ఉంటుందో, పెద్దయ్యాక ఎలా అణిగిపోతుందో నాకు తెలుసు. అది నీదే. కాకపోతే పదేళ్ళప్పటిది." ఆవిడ చేత్తో వెతికి నా మణికట్టు పట్టుకుంది. "ఆర్నెల్లుగా వారం వారం దగ్గరికి వస్తోంది. నువ్వేమో ప్రతిసారీ వస్తున్నా, వస్తున్నా అంటావు. ఒక్కసారైనా వెళ్ళావుటే?"

నాకు ఏడుపొచ్చింది. భయంతో కాదు, సిగ్గుతో.

"వచ్చే వారం నుంచి నేను రాలేనేమోనండీ," అన్నాను. పిల్లల సంగతి చెప్పాను, ఆరింటికి వచ్చే ఫోను సంగతి చెప్పాను. ఆవిడ మణికట్టు వదల్లేదు.

"అయితే ఇక అది ఎక్కడికి రావాలి?" అంది.

ఆ రోజు కూడా చదివాను. చెవులు రిక్కించుకుని, ప్రతి వాక్యం తర్వాత ఒక క్షణం ఆగుతూ. మూత్రపిండాల పాఠం మొత్తం పూర్తయింది. నాలుగింటికి బయటికొస్తే ఆ అమ్మాయి తెర చూపించింది. ఒక్క నిటారు గీత లేదు. "ఇవాళ ఒక్క తప్పూ లేదక్కా," అంది. టీచరమ్మగారు హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఇవాళ పిలవలేదు," అంది, అంతే.

ఇంటికి వెళ్ళే దారిలో చిన్న పార్కు ఉంది. శనివారాల్లో నేను అక్కడ పావుగంట కూర్చుంటాను. నా విలాసం అదే, ఎవరికీ తెలియని పావుగంట. ఆ రోజు గంట కూర్చున్నాను. ఒకావిడ కుక్కని తిప్పుతోంది. ఇద్దరు పిల్లలు ఒకే ఊయల కోసం కొట్టుకుంటున్నారు. నేను దారిలో కొన్న కూరగాయల సంచీ కాళ్ళ మధ్య పెట్టుకుని, ఎవరైనా చూస్తే పిచ్చిదనుకుంటారని తెలిసీ, కళ్ళు మూసుకుని ఎదురుచూశాను. పిలవవే, అన్నాను లోపల. ఒక్కసారి పిలువు. ఎవరూ పిలవలేదు. పొద్దున్న నేనెవరికో బదులిస్తున్నానని తెలిస్తే పారిపోవాలనిపించింది. ఇప్పుడా పిలుపు లేకపోతే అంతకన్నా భయమేస్తోంది. నేను మానేస్తానన్నది అది విన్నది. నలభై ఒక్కసార్లు మాట తప్పిన మనిషి దగ్గరికి ఎవరు మాత్రం వస్తారు? గోడకి అవతలికి వెళ్ళిపోయి ఉంటుంది, ఇంకా అవతలికి. ఈసారి వెళ్ళిపోతే మళ్ళీ రాదని నాకు ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

ఇల్లు చేరేసరికి ఐదున్నర. మా ఆయన టీవీ ముందున్నాడు. వంటింటి బల్బు తెచ్చావా అన్నాడు. తెచ్చాను, స్టూలెక్కి నేనే బిగించాను. బనీన్లు ఆరాయా అన్నాడు. మడిచి అలమారలో పెట్టాను. మా అమ్మాయి షూ చూసుకుని, "అతుకు కనిపిస్తోందమ్మా," అంది. గోడ గడియారం కింద నిలబడి కూరగాయలు తరుగుతున్నాను. ప్రతి రెండు నిమిషాలకీ తల ఎత్తుతున్నాను.

సరిగ్గా ఆరింటికి ఫోను మోగింది.

"ఇదిగో, చెల్లి!"

కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్ళాను. మా ఆయన స్పీకరు నొక్కి ఫోను నా ముందుకి చాపి, కళ్ళు టీవీ మీదికి తిప్పుకున్నాడు. ఆడపడుచు గొంతు ఎప్పట్లా తేనెలు ఒలికిస్తోంది.

"వదినా! అన్నయ్య చెప్పాడు. నువ్వున్నావు కాబట్టి నాకు దిగుల్లేదు. వచ్చే శనివారం తొమ్మిదింటికల్లా మీ గేటు దగ్గరికి తీసుకొచ్చేస్తా. నాకు పైకెక్కే టైముండదు. నువ్వు కిందికి వచ్చేస్తావుగా?"

"ఆఁ, వస్తాను," అన్నాను.

ఈసారి విన్నాను. నా నోరు అనడం నా చెవులతో విన్నాను. మెత్తగా, నిద్రలో ఉన్న మనిషి అన్నట్టు. అంతకు ముందే, నా కుడి చెవి పక్కన, మెడ మీద ఊపిరి తగిలేంత దగ్గరలో ఇంకో మాట కూడా విన్నాను. ఏయ్, రేడియో. విసుగు లేదు. అలక లేదు. మెట్లన్నీ ఎక్కి వచ్చినట్టు కొంచెం ఆయాసం ఉంది, అంతే.

నా చెయ్యి లేచింది. నేను ఎత్తలేదు. ఫోనుకి ఎదురుగా గట్టిగా చిటిక వేసింది.

మా ఆయన ఉలిక్కిపడి నా వేళ్ళ వైపు చూశాడు. "ఏమైందే నీకు?"

ఒకటి. "వదినా? ఏంటా చప్పుడు?" అంటోంది ఫోను. రెండు. చెవి పక్కన ఆయాసం తగ్గి, నాతో పాటు ఊపిరి బిగబట్టింది. మూడు.

అప్పుడు ఆ వాక్యం మొదటి నుంచి, సరిగ్గా, ఇల్లంతా వినబడే గొంతుతో చదివాను.

"రాను."